మూడోది ఎవరూ తెచ్చుకోరు

(గ్రంథాలయ వారోత్సవాల్లో భాగంగా కోనసీమలో ఒక విశ్రాంత పశువైద్యుడు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసింది. సభికుల ప్రశ్నలు చివర ఉన్నాయి.)

అందరికీ నమస్కారం.

గ్రంథాలయ వారోత్సవాలకి పశువుల డాక్టర్ని పిలవడమేమిటని ముందు వరసలో ఇద్దరు మాస్టార్లు అనుకోవడం నాకు వినపడిందండి. చెవులు ఇంకా బాగానే పనిచేస్తున్నాయి. సర్వీసంతా గేదెల మధ్య గడిపినవాణ్ణి, పాడి గురించి చెప్పమంటే రాత్రి దాకా చెబుతాను. కానీ కమిటీవారిచ్చిన విషయం వేరు. కొందరి ఇళ్ళల్లో అన్నేసి కుక్కలూ పిల్లులూ ఎందుకుంటాయి, వాళ్ళకేమన్నా పిచ్చా అని. ఆహ్వాన పత్రిక మీద మర్యాదగా "పెంపుడు జంతువులు - మనిషి మనసు" అని అచ్చేశారు గానీ, ఫోనులో అడిగింది మాత్రం ఇదే.

మధ్యలో లేచి వెళ్ళేవాళ్ళుంటారు కాబట్టి నా జవాబు ముందే చెప్పేస్తాను. మొదటిదాన్ని తెచ్చుకుంటాం. రెండోదాన్ని కూడా ఒక్కోసారి తెచ్చుకుంటాం, మొదటిదానికి తోడు కావాలని. మూడోది మాత్రం ఎవరూ తెచ్చుకోరు. అది వస్తుంది, లేదా ఎవరో తెచ్చి వదుల్తారు. "ఆవిడ అన్నిటిని ఎందుకు పెంచుతోంది" అని ఊరంతా అడుగుతుంది. ఆవిడ గేటు దగ్గర వదిలి వెళ్ళిందెవరని మాత్రం ఎవరూ అడగరు. నేను ఈ రెండో ప్రశ్న వైపు నుంచే మాట్లాడతాను.

గేదెకి ఇంజక్షను చేయడానికి ఒక ఇంటికి వెళ్తాను. మాటల్లో "మీకు కుక్కలెన్నండీ" అంటాను. "ఒకటేనండి" అంటారు. అరుగు మీద ఆరు పడుకుని ఉంటాయి. "మరివి?" "అవి మావి కాదండి, వచ్చేవి." అన్నం మాత్రం అన్నిటికీ ఒకే గిన్నెలో వండుతారు. పేర్లుంటాయి. జ్వరమొస్తే నాకు ఫోనొస్తుంది. చచ్చిపోతే ఇంట్లో ఆ పూట ఎవరూ సరిగ్గా తినరు. అయినా లెక్కలోకి రావు. చట్టం కూడా ఇంట్లో పెంచుకునే జంతువుని ఒక రకంగా, వీధిలో తిరిగేదాన్ని ఇంకో రకంగా చూస్తుంది. మన గోదావరి కుక్క పగలు ఈ రకం, రాత్రి ఆ రకం.

ఇది ఇవాళ పుట్టిన పద్ధతి కాదండి. భోజనానికి ముందు కాకికో ముద్ద, తిన్నాక కుక్కకో ముద్ద పెట్టడం మన ఇళ్ళల్లో ఎప్పటినుంచో ఉంది. భూతయజ్ఞం అని పెద్ద పేరు పెట్టారు గానీ, ఇళ్ళల్లో దాన్ని ఎవరూ యజ్ఞం అనుకుని చేయలేదు. ఈ పద్ధతిలో ఒక సుఖముంది. ఒక కుక్క పది ఇళ్ళ ముద్దలతో బతికేది, ఏ ఒక్కరికీ బరువయ్యేది కాదు. ఇప్పుడేమైంది? పెంకుటిల్లు తీసి డాబా కట్టాం. డాబా చుట్టూ గోడ, గోడకి గేటు, గేటుకి తాళం. అమలాపురంలో కూడా అపార్టుమెంట్లొచ్చేశాయి. మూడో అంతస్తులోంచి కుక్కకి ముద్ద వేయలేరు కదా. మిగిలిన అన్నం పాలిథీన్ కవరులో ముడేసి చెత్తబండికి ఇచ్చేస్తున్నాం. అలా పది ఇళ్ళల్లో తొమ్మిది ఇళ్ళు మానేశాయి. కుక్కలు మాత్రం తగ్గలేదు. అవన్నీ కలిసి, ఇంకా మానని ఆ పదో ఇంటికి చేరాయి.

ఆ పదో ఇంటావిడనే మనం "కుక్కలావిడ" అంటున్నాం.

ఒక్కసారి ఊళ్ళో ఆ పేరు పడిందంటే ఇక అంతే. తెల్లారి లేచి చూస్తే గేటు ముందు అట్టపెట్టె. అందులో నాలుగు పిల్లికూనలు, పైన పాత తువాలు కప్పి ఉంటుంది. పెట్టి వెళ్ళినవాళ్ళు రాక్షసులేం కాదు. వాళ్ళకీ జాలి ఉంది, కాలవలో పడేయలేక ఇక్కడికి తెచ్చారు. తమ జాలికి అయ్యే ఖర్చు మాత్రం ఆవిడ పెట్టుకుంటుంది. మహాభారతంలో ధర్మరాజు ఆ కుక్కని పెంచలేదు. హస్తినాపురం నుంచి బయలుదేరితే అది వెంట వచ్చింది. స్వర్గం వాకిట్లో ఇంద్రుడు వదిలేసి రథమెక్కమంటే, నన్ను నమ్మి వెంట వచ్చినదాన్ని వదలనన్నాడు. నేను చూసిన "కుక్కలావిడ"లందరిదీ అదే మాట. "నేను తెచ్చుకోలేదండీ, కానీ వచ్చాక ఎలా పొమ్మంటాను?"

ఇక ఇవి ఎప్పుడొస్తాయో చూద్దాం. కార్తెల లెక్క రైతులకి తెలిసిందే. చిత్త కార్తె అక్టోబరు రెండో వారంలో మొదలై ఇంచుమించు రెండు వారాలుంటుంది. ఆ కార్తె పేరు పెట్టి మనవాళ్ళు తిట్టే తిట్టొకటుంది, సభలో నేను చెప్పను, మీకందరికీ తెలుసు. (నవ్వులు) ఆ తిట్టు పుట్టించినవాడు గమనించే మనిషండి. వానలు వెనకపట్టు పట్టాక ఆ రోజుల్లోనే మన వీధి కుక్కలు ఎక్కువగా జతకడతాయి. కుక్క కడుపుతో ఉండేది 63 రోజులు, రెండు మూడు రోజులు అటూ ఇటూ. చిత్తకి 63 కలపండి. డిసెంబరు మూడో వారం, ధనుర్మాసం. మంచు కురిసే రోజుల్లో గడ్డివాము కిందో, ఖాళీ పాకలోనో ఈనుతాయి. కళ్ళు తెరవడానికి పది నుంచి పద్నాలుగు రోజులు. నెల తిరిగేసరికి బొద్దుగా, తప్పటడుగులు వేస్తూ, ఎత్తుకుంటే చేతిలో ఇమిడిపోయేలా ఉంటాయి. ఆ నెల తిరిగేసరికి ఏమొస్తుందండీ?

(సభలోంచి: సంక్రాంతి!)

ఆయ్, సంక్రాంతే. మన గోదావరి జిల్లాలకి ఆ నాలుగు రోజులూ ఏమిటో చెప్పక్కర్లేదు. హైదరాబాదు, బెంగళూరు ఖాళీ అయి ఇక్కడ దిగుతాయి. అల్లుళ్ళకి పిండివంటలు, పెద్దమనుషులకి పందాలు, మనవలకి కుక్కపిల్లలు. భోగి మంట దగ్గర చలి కాచుకుంటున్న కుక్కపిల్లని మనవరాలు ఎత్తుకుంటుంది. "బ్రూనో" అని పేరు పెడుతుంది. సున్నుండ ముక్క పెడుతుంది, అది ఆ రాత్రి విరేచనాలు పెట్టుకుంటుంది. ముక్కనుమ సాయంత్రానికి కార్లన్నీ హైవే ఎక్కడానికి రావులపాలెం వైపు తిరుగుతాయి. పిల్ల ఒకటే ఏడుపు. "నానమ్మా, బ్రూనోని నువ్వు చూసుకో, నేను సెలవలకి వస్తాను కదా" అంటుంది. మనవరాలికి మాటిచ్చాక నానమ్మ ఏం చేస్తుంది? వేసవికి ఆ పిల్ల వచ్చేసరికి బ్రూనోకి ఐదు నెలలు. పొడుగు కాళ్ళు, కోల మొహం, చెప్పులు కొరికే వయసు. ఒకసారి తల నిమిరి ఫోను చూసుకుంటుంది. పై సంక్రాంతికి ఇంకో పిల్ల, ఇంకో పేరు. అలా నాలుగు సంక్రాంతులకి నాలుగు చేరిన ఇళ్ళు ఈ చుట్టుపక్కల నేనే చూపించగలను. ఊళ్ళోవాళ్ళు ఆ నానమ్మకి కుక్కల పిచ్చి అంటారు.

ఆ మనవరాలిని కూడా తప్పుపట్టలేం. కాన్రాడ్ లోరెంజ్ అని జంతువుల నడవడి మీద పనిచేసిన శాస్త్రవేత్త, తర్వాత 1973లో నోబెల్ కూడా వచ్చింది, 1943లోనే ఒక మాట చెప్పాడు. పెద్ద తల, పెద్ద కళ్ళు, గుండ్రటి బుగ్గలు, పొట్టి కాళ్ళూ చేతులు ఎక్కడ కనపడినా మనిషికి అది పసిబిడ్డే అనిపిస్తుందని. 2018లో అమెరికాలో అరిజోనా స్టేట్ యూనివర్సిటీకి చెందిన క్లైవ్ విన్ బృందం రకరకాల వయసుల కుక్కపిల్లల ఫోటోలు జనానికి చూపించి ఏవి ముద్దొస్తున్నాయని అడిగింది. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసువాటికి ఎక్కువ ఓట్లు పడ్డాయి. సరిగ్గా తల్లి పాలు మాన్పించే వయసది. తల్లి "ఇక నా వల్ల కాదు" అనే వేళకి మనిషి చేతుల్లో పడేలా అవి తయారవుతున్నాయి. చేతుల్లో పడనివాటి సంగతి కోల్‌కతాలో ఐఐఎస్‌ఈఆర్ అనే విజ్ఞాన పరిశోధన సంస్థలో అనిందితా భద్ర బృందం లెక్కకట్టింది. బెంగాల్ వీధుల్లో పుట్టిన కుక్కపిల్లల్ని వెంటబడి చూస్తే, ఐదింట నాలుగు పిల్లల్ని కనే వయసు దాకా బతకలేదు. ఎక్కువ చావులకి కారణం మనుషులే, బండి కిందో, రాయి దెబ్బకో, విషానికో. మనకీ అంతకన్నా గొప్పగా ఉంటుందని నేననుకోను.

ఇక్కడొక ముక్క చెప్పి ముందుకెళ్తాను, మర్చిపోతానేమోనని భయం. నెల పిల్ల గోరు గీరితే, పన్ను దిగితే "పాలు తాగే పిల్లకి విషముండదులే" అంటారు. అది తప్పు. తల్లికి రేబిస్ ఉంటే పిల్లకీ రావచ్చు. గాయాన్ని కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టొద్దు. అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి టీకా మొదలుపెట్టించుకోండి. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, తర్వాత మూడు, ఏడు, 28 రోజులకి వేస్తారు. సంక్రాంతి హడావిడిలో రెండో డోసు మర్చిపోయి కారెక్కేస్తారు. హైదరాబాదులో కూడా వేయించుకోవచ్చు, మానకండి.

కుక్కపిల్లల్ని పంచేటప్పుడు చూశారా ఎప్పుడైనా? మగవి రెండు రోజుల్లో అయిపోతాయి. "మగదేనా?" అని రెండుసార్లు అడిగి మరీ తీసుకెళ్తారు. ఆడవి మిగిలిపోతాయి. అవే గోనెసంచుల్లో కాలవ వంతెనల దగ్గరికీ, ఈ పదో ఇంటి గేటుకీ చేరతాయి. కాబట్టి ఎక్కువ కుక్కలున్న ఇంట్లో ఆడవే ఎక్కువుంటాయి. ఆడవి ఎక్కువుంటే ఏడాది తిరిగేసరికి ఏమవుతుందో చెప్పాలా? ఆవిడ ఒక్కదాన్ని కూడా తేకుండానే ఇంట్లో సంఖ్య రెట్టింపవుతుంది. ఆపరేషను చేయిద్దాం అంటే "ఒక్క ఈతైనా ఈననివ్వండి, పాపమండీ" అంటారు. ఒక ఈత ఈనాలన్న నియమం వైద్యంలో ఎక్కడా లేదు. చేయించకపోతే పెద్ద వయసులో గర్భసంచికి చీము పట్టి చచ్చిపోయేవి చాలా ఉంటాయి. నా టేబుల్ మీదే ఎన్ని పోయాయో. పాపం మాట అక్కడ గుర్తుకు రావాలి.

పిల్లుల సంగతి ఇంకా వేగం. ఆడపిల్లి ఐదారు నెలలకే ఎదకొస్తుంది, కడుపుతో ఉండేది తొమ్మిది వారాలు, ఏడాదికి రెండు మూడు ఈతలు. పిల్లలు పాలు తాగుతుండగానే మళ్ళీ కడుపు నిలుస్తుంది. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు కదా, ఏడో ఇల్లు ఎవరిదో మీరు ఊహించగలరు. పైగా మనది చేపల దేశం. పులస రోజుల్లో పిల్లికి ముల్లు కూడా మిగల్చం గానీ, మిగతా ఏడాదంతా మార్కెట్లో తలకాయలూ తోకలూ దానివే.

వరద గురించి ఆగి చెప్పాలి. ఏటి మధ్య లంకలవాళ్ళు ఇక్కడ ఎవరన్నా ఉన్నారా? చేతులెత్తారు, మంచిది. మీకు నేను చెప్పేదేమీ లేదు, మిగతావాళ్ళకి చెబుతాను. ధవళేశ్వరం దగ్గర 17 లక్షల క్యూసెక్కులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలైలో 71.3 అడుగులు. అప్పుడు లంకల్లోంచి జనాన్ని పడవల మీద పునరావాస కేంద్రాలకి తెచ్చారు. పశువుల్ని ముందుగానే ఏటిగట్టు మీదికి తోలుకొస్తారు. వాటికి ప్రభుత్వం దాణా, గడ్డి ఇస్తుంది, మేమూ టీకాలు వేస్తాం. కుక్కకి పడవలో చోటుండదు. డాబా ఎక్కినవి ఎక్కుతాయి, ఈదినవి ఈది గట్టుకి చేరతాయి. నీళ్ళు తీసేశాక కొందరు వెతుక్కుంటూ వచ్చి తీసుకెళ్తారు. చాలామంది ఇల్లు బురద కడుక్కోవడంలో, నష్టపరిహారం కాగితాల్లో పడి రాలేరు. వాళ్ళదీ తప్పనలేం. ఆ కుక్కలు గట్టు పక్క ఇళ్ళల్లో ఉండిపోతాయి. గట్టు పక్కన ఒక ఇల్లుంది. ఆ ఇంటాయన తన కుక్కల్ని వరదల పేరుతో చెబుతాడు. "ఇది మొన్నటిదండి, ఆ నల్లది అంతకుముందు వరదది." ఆయన ఒక్కదాన్నీ కోరుకోలేదు. ఇల్లు అక్కడుంది, అంతే.

పడమటి వైపు వెళ్తే వరద బదులు చెరువులు. భీమవరం, ఉండి, ఆకివీడు చుట్టూ వరి పోయి చేపలూ రొయ్యలూ వచ్చాయి. 2009 తర్వాత వనామీ రొయ్య వచ్చాక చెరువు గట్టు మీద షెడ్డు, షెడ్డులో కాపలా మనిషి, అతనికి రాత్రి తోడు రెండు మూడు కుక్కలు. దొంగలకీ, పిట్టలకీ అవే హెచ్చరిక. పట్టుబడి అయిపోతే, లేదా రొయ్యకి తెల్లమచ్చ రోగం తగిలి చెరువు పోతే, కాపలా మనిషి లెక్క చూసుకుని ఊరెళ్ళిపోతాడు. కుక్కల్ని ఆటోలో ఎక్కించుకుని వెళ్ళడు కదా. అవి దగ్గర్లో పొగ కనపడే ఇంటికి నడుచుకుంటూ పోతాయి.

ఇంతవరకూ బయటినుంచి వచ్చిపడేవాటి గురించి చెప్పాను. వస్తే మాత్రం, అందరూ గేటు తీయరు కదా, కొందరే ఎందుకు తీస్తారు? దానికి నాకు తోచింది చెబుతాను, ఒప్పుకోకపోతే తర్వాత దెబ్బలాడుకుందాం.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవల్లో నీళ్ళు పారాక, మన డెల్టాలో వరి పెరిగింది. వరితోపాటు గడ్డి, గడ్డితోపాటు పాడి. నా చిన్నప్పుడు గేదె లేని రైతు ఇల్లు ఎరగను. పెరట్లో పాక, పక్కన గడ్డివాము, బావి దగ్గర కుడితి గోలెం. ఆ పని అంతా ఆడవాళ్ళదే. నాలుగింటికి లేవడం, పేడ తీయడం, కుడితి పెట్టడం, పాలు పిండడం. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి నడుం వంగేదాకా అదే పని. తర్వాత కోత మిషన్లొచ్చాయి, గడ్డి తగ్గింది, ఉన్నదాని ధర పెరిగింది. పాలు ప్యాకెట్లో దొరుకుతున్నాయి. కొడుకులు ఊళ్ళో లేరు, కూలీలు దొరకరు. గేదెని అమ్మేశారు. అమ్మాలన్న నిర్ణయం మంచిదే, నేను కూడా చాలామందికి అదే సలహా ఇచ్చాను. గేదె వెళ్ళిపోయింది గానీ, నాలుగింటి మెలకువ వెళ్ళిపోలేదు. బియ్యం కడిగిన నీళ్ళు పారబొయ్యడానికి చేయి రాదు. ఆ చేతుల కిందికి ముందొక పిల్లి వస్తుంది.

మండపేట వైపు ఒక పెద్దావిడ నాతో అంది: "గేదెయితే పాలిచ్చేది, వీటివల్ల ఏం లాభమే అమ్మా అని మా అబ్బాయి అమెరికా నుంచి అడుగుతాడు డాక్టరుగారూ. వాడికేం చెప్పను? తెల్లారగానే నాకోసం ఎదురు చూసేవాళ్ళు ఈ ఇంట్లో ఇంకెవరున్నారు?" నాలుగు వైపులా వసారాలున్న మండువా లోగిలి అది. పన్నెండు మంది తిని తిరిగిన ఇల్లు. ఇప్పుడు ఆవిడ, తొమ్మిది పిల్లులు, రెండు కుక్కలు. ఇది ఒంటరితనం అని ఒక్క మాటలో తేల్చేస్తారు పేపర్లవాళ్ళు. నాకది సరిపోదనిపిస్తుంది. ఊరంతా చుట్టాలే ఆవిడకి, మాట్లాడేవాళ్ళకి కొదవ లేదు. కొదవ పడింది పెట్టడానికి. అరవై ఏళ్ళు పెట్టిన చేయి అది.

జపాన్‌లో అజబు యూనివర్సిటీవాళ్ళు 2015లో ఒక సంగతి బయటపెట్టారు. కుక్కా యజమానీ కళ్ళలోకి కళ్ళు పెట్టి చూసుకుంటే ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ పెరుగుతుందట. కన్నతల్లికి బిడ్డకి పాలిచ్చేటప్పుడు ఊరే హార్మోనే అది. గేదె ఈనాక పొదుగులోకి పాలు దిగడానికి కూడా అదే. ఆ పెద్దావిడకి ఈ మాట చెబితే, "దీనికి జపాను దాకా వెళ్ళాలా" అంది.

ఇప్పుడు నాకు కోపం వచ్చే భాగం. 2020 లాక్‌డౌన్‌లో పట్నాల్లో ఉద్యోగాలు చేసేవాళ్ళు ఇంట్లో కూర్చుని తోచక జాతి కుక్కల్ని కొన్నారు. హస్కీలు, లాబ్రడార్లు. ఆఫీసులు తెరిచాక అవి బరువయ్యాయి. ఎక్కడికి పంపాలి? "మా ఊళ్ళో పెద్ద ఇల్లుంది, అమ్మానాన్నా ఉన్నారు." హస్కీ సైబీరియా మంచులో బండి లాగే కుక్కండి. దానికి రెండు పొరల బొచ్చు. కుక్కకి ఒంటి నిండా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పుతూ వేడి పోగొట్టుకుంటుంది. గాల్లో తేమ ఎక్కువైతే ఆ రొప్పడం కూడా పనిచేయదు. మే నెలలో మన నరసాపురంలో తేమ ఎంతుంటుందో మీకు చెప్పాలా? ఆ కుక్కకి ఏసీ గది, పెద్దాయనకి వరండాలో మడతమంచం. నేను కళ్ళారా చూశాను. అంతకుముందు హచ్ సెల్‌ఫోను కంపెనీ ప్రకటన వచ్చిన రోజుల్లో అందరికీ అందులోని పగ్ కుక్కే కావాలి. నొక్కేసిన ముక్కుతో అది మన ఎండల్లో ఊపిరాడక పడే పాట్లు ప్రకటనలో చూపించరుగా. ఇలా పంపిన జాతి కుక్క ఒకటి, అప్పటికే ఉన్న "వచ్చేవి" నాలుగు. ఆ ముసలి దంపతుల్ని చూసి ఊరు "బాగా సరదా ఉన్నవాళ్ళు" అంటుంది.

పందెం కోళ్ళ సంగతి మాట్లాడమని చీటీ పంపారు. డేగ, కాకి, నెమలి, సేతువ అని వర్ణం చూసి, నక్షత్రం చూసి, బాదం పప్పులూ ఉడికిన గుడ్లూ పెట్టి, రోజూ ఈత కొట్టించి ఇరవై పుంజుల్ని పెంచేవాళ్ళున్నారు. ఆ సేవ నిజమైనదే, కన్నబిడ్డకి కూడా అంత చేయరు. దాని కాలికే కత్తి కడతారు. అది చట్టవిరుద్ధమని మీకూ తెలుసు, బరిలో ముందు వరసలో ఎవరు కూర్చుంటారో కూడా తెలుసు. ఆ ప్రేమకేం పేరు పెట్టాలో నాకు తెలీదు, వదిలేద్దాం. రామచిలకని పంజరంలో పెట్టడం కూడా 1972 వన్యప్రాణి చట్టం కింద నేరమే. ముద్దుగా ఉందని పెట్టుకున్నా నేరమే.

ఇక మొదట అడిగిన ప్రశ్నకి వస్తాను, పిచ్చా అని. నూటికి నూరు మందికీ కాదని నేను చెప్పను. జంతువుల్ని పోగేసుకుంటూ పోయే ఒక జబ్బు ఉంది. అమెరికా మనోవైద్యులు 2013లో తెచ్చిన జబ్బుల పట్టికలో, వస్తువులు పోగేసే రుగ్మత కింద దీన్ని కూడా ప్రస్తావించారు. కానీ దాన్ని గుర్తుపట్టేది సంఖ్యని బట్టి కాదు. ఇరవై పిల్లులున్న ఇంట్లో ప్రతిదాని పేరూ, ఏది నిన్న తినలేదో, ఏది కుంటుతోందో చెప్పగలిగితే ఆ మనిషికి ఏ జబ్బూ లేదు, చాకిరీ ఉంది. ఐదింటితోనే ఇల్లు మూత్రం వాసనతో కళ్ళు మండుతుంటే, ఒకటి పుండు పడి పురుగు పట్టినా "బానే ఉందండీ" అంటుంటే, ఒక్కదాన్ని కూడా ఎవరికీ ఇవ్వనని అడ్డం పడుతుంటే, అక్కడ అనుమానించాలి. అప్పుడు కూడా కేకలేస్తే లాభం లేదు. అన్నిటినీ ఒకేరోజు పట్టుకెళ్ళిపోతే మళ్ళీ మొదలుపెడతారు. ఇంట్లోవాళ్ళు దగ్గరుండి మనోవైద్యుడికి చూపించాలి. అలాంటివాళ్ళని నేను బహు తక్కువ మందిని చూశాను. అలసిపోయినవాళ్ళని మాత్రం చాలామందిని చూశాను.

రెండోదాన్ని తోడుగా తెచ్చుకుంటామని మొదట్లో అన్నాను కదా. కుక్కకి తోడు పనిచేస్తుంది, ఎక్కువగా ఒక ఆడది, ఒక మగది అయితే. రెండు ఆడవాటి మధ్య పగ పుడితే మాన్పడం కష్టం. గిన్నెలు దూరంగా పెట్టండి. పిల్లికి తోడు కావాలని మనకి అనిపిస్తుంది గానీ, దానికి అనిపించాలని లేదు.

చాలా సేపైంది. ప్రశ్నలుంటే అడగండి.

(ప్రశ్న: మా పక్కింటావిడ పదిహేను కుక్కలకి అన్నం పెడుతుందండి. రాత్రంతా అరుపులు, నిద్ర లేక చస్తున్నాం. మేమెవరికి చెప్పుకోవాలి?)

మీ బాధ నిజమే. మీరు చెప్పుకోవాల్సింది పంచాయతీకో మున్సిపాలిటీకో. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధి కుక్కలకి ఆపరేషన్లు, రేబిస్ టీకాలు వేయించాల్సింది స్థానిక సంస్థే. కానీ మీకో రహస్యం చెబుతాను. వలవేసి పట్టేవాళ్ళు వస్తే వీధి కుక్కలు పారిపోతాయి. ఆవిడ పిలిస్తే మాత్రం పదిహేనూ వస్తాయి. ఆ పదిహేనింటికీ టీకా పడాలన్నా, ఆపరేషను జరగాలన్నా ఊళ్ళో ఆవిడొక్కతే దారి. ఆవిడతో దెబ్బలాడి అన్నం మాన్పించారనుకోండి, కుక్కలు ఎక్కడికీ పోవు, ఆకలితో మీ గేటు దగ్గరికే వస్తాయి. అర్జీ మీద ఆవిడ సంతకం కూడా పెట్టించి ఇద్దరూ కలిసి వెళ్ళండి. అన్నం మాత్రం చీకటి పడకముందే, పిల్లలు ఆడుకోని చోట పెట్టమని నెమ్మదిగా చెప్పండి. రాత్రి అరుపులు సగం తగ్గుతాయి. ఆడవాటికి ఆపరేషన్లయితే చిత్త కార్తె గోల కూడా ఉండదు.

(ప్రశ్న, ఒక పెద్దావిడ: నాకు ఐదున్నాయి బాబూ. నేను పోతే వీటినెవరు చూస్తారు?)

అమ్మా, ఈ ప్రశ్న మీరు అడిగారు, చాలామంది అడగరు. ఐదింటినీ ఒక్కరు తీసుకుంటారని ఆశ పెట్టుకోవద్దు. ఒక్కోదానికి ఒక్కో మనిషిని ఇప్పుడే అనుకోండి, మీరుండగానే వాళ్ళ చేత నెలకోసారైనా అన్నం పెట్టించండి, వాసన అలవాటవుతుంది. ప్రతిదానికీ టీకా కార్డు ఉండాలి. కార్డు లేని కుక్కని తీసుకోవడానికి ఎవరైనా జంకుతారు. ఆపరేషను అయినదాన్నయితే సులువుగా తీసుకుంటారు. ఆరోదాన్ని ఎవరన్నా గేటు దగ్గర పెడితే, పెట్టినవాళ్ళెవరో వీధిలో గట్టిగా అడగండి, సిగ్గుపడొద్దు. జూలై 6న పశువైద్యశాలల్లో రేబిస్ టీకాలు ఉచితంగా వేస్తుంటారు, ఆ రోజు వెళ్ళండి. ఐదింటినీ ఒకే ఆటోలో మాత్రం తీసుకురాకండి తల్లీ, ఆ ఆటో అబ్బాయి మళ్ళీ మీ వీధికి రాడు.